చూపు ఆగిన చోట

నిమిషానికి 6.6 అక్షరాలు.

ఈ కథనం కోసం ముందేసుకున్న కాగితాల్లో నన్ను కదలనివ్వని అంకె ఇదే. బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రదీప్త బిశ్వాస్ బృందం కంటిచూపుతో నడిచే కీబోర్డు ఒకటి తయారుచేసింది. మాటా, కాళ్ళూ చేతుల కదలికా రెండూ బాగా దెబ్బతిన్నవాళ్ళ కోసం. ఏ ఇబ్బందీ లేనివాళ్ళు దాని మీద నిమిషానికి సగటున 16.9 అక్షరాలు కొట్టారు. ఎవరికోసమైతే చేశారో వాళ్ళు కొట్టింది 6.6. రాబోయే పదాన్ని ముందే ఊహించి చూపించే సదుపాయం లేకుండా వచ్చిన లెక్క ఇది. అదీ ఇరవయ్యారు అక్షరాల ఇంగ్లీషులో.

అదే వేగంతో తెలుగు రాస్తే ఎలా ఉంటుందోనని పెన్సిల్ తీశాను. 'అమ్మా నీళ్ళు కావాలి'. అ, మ, పొల్లు, మ, దీర్ఘం: అయిదు నొక్కులు. 'నీళ్ళు'కి ఆరు. 'కావాలి'కి ఆరు. మధ్యలో రెండు ఖాళీలు. మొత్తం 19. అంటే ఇంచుమించు మూడు నిమిషాలు. ఈలోగా ఆ తల్లి పొయ్యి మీద కూర దించి, వాకిట్లో ఎవరో పిలిస్తే పలికి, తిరిగి వచ్చి 'ఏంట్రా, ఏం కావాలి?' అని అడిగే ఉంటుంది.

మా ఎడిటర్ గారు అడిగిన కథ ఇది కాదు. "కళ్ళతో కంప్యూటర్ నడిపే పిల్లలు, మంచి పాజిటివ్ స్టోరీ అవుతుంది. మన బెజవాడ యాంగిల్ ఉండాలి. గురువారం రాత్రికి పేజీలు వెళ్ళిపోవాలి" అన్నారు. ఆయన చూసిన వీడియోలు నేనూ చూశాను. పాప తెర వైపు చూస్తుంది, యంత్రం 'ఐ లవ్యూ మమ్మీ' అంటుంది, వెనక వయొలిన్ మోగుతుంది. వయొలిన్ మోగిందంటే నాకు అనుమానం మొదలవుతుంది. ఆ వాక్యం దాకా రావడానికి ఎన్ని నెలలు పట్టింది, తెర మీద ఉన్న నాలుగు బొమ్మల్లో మిగతా మూడు ఏమిటి, ఆ పాప నిజంగా అడగాలనుకున్నది ఫ్యాను వేయమనా? వీడియోలో ఇవేవీ ఉండవు.

అలాగని యంత్రాన్ని తీసిపారేయలేం. మెదడుకు పసితనంలో దెబ్బ తగిలి ఒళ్ళు స్వాధీనంలో లేని పిల్లల్లో (దీన్నే సెరిబ్రల్ పాల్సీ అంటారు) చాలామందికి కళ్ళు మాత్రం కాస్తో కూస్తో చెప్పినట్టు వింటాయి. 'పుట్టగానే ఏడవలేదండీ' అనే మాట ఫిజియోథెరపీ గదుల్లో ఎన్నిసార్లు వినబడుతుందో. పుట్టిన కొత్తలో పచ్చకామెర్లు ముదిరి మెదడు లోపలి భాగాలకు ఎక్కితే చేతులు వాటంతట అవే మెలికలు తిరుగుతాయి, నాలుక తిరగదు. కానీ బుర్ర చాలాసార్లు చురుగ్గానే ఉంటుంది. రెట్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్లలకు చేతుల పని పోయాక కూడా చూపు గట్టిగా నిలుస్తుంది. ఇలాంటి పిల్లలు బడి ఈడు వచ్చేసరికి 'వీడికి ఏమీ తెలియదు' అనే ముద్రతో ఇంటి మూలన ఉండిపోతారు. అడిగే దారి లేనివాడికి తెలుసో తెలియదో ఎవరు చెప్పగలరు?

యంత్రం పనిచేసే తీరు వినడానికి తేలికే. తెర కింద అమర్చిన పట్టీలోంచి మన కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పిల్లవాడి కళ్ళ మీద పడుతుంది. కార్నియా మీద చిన్న మెరుపు చుక్క కనిపిస్తుంది. కన్ను తిరిగితే కనుపాప కదులుతుంది, మెరుపు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఆ రెంటి మధ్య ఎడాన్ని కెమెరా కొలిచి చూపు తెర మీద ఎక్కడ పడుతోందో లెక్క కడుతుంది. ముందుగా తెర మీద అక్కడక్కడ చుక్కలు చూపించి, ఆ కంటికి తగినట్టు సరిచూసుకుంటుంది. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. సుమారు రెండడుగుల దూరంలో కూర్చోబెట్టాలి. మన ఇళ్ళలో వసారాలో, ఎండ పడే చోట పెడితే తడబడుతుంది, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి. పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్న అమ్మ ముఖం కెమెరాకు దొరికితే వాడి కళ్ళకు బదులు ఆమె కళ్ళను పట్టుకున్నా పట్టుకుంటుంది.

అసలు చిక్కు నొక్కడంలో ఉంది. చేత్తో అయితే చూడటం వేరు, నొక్కడం వేరు. కంటితో రెండూ ఒకటే. చూసిన ప్రతిదీ నొక్కినట్టయితే భస్మాసురుడి చేయి లాగే ఉంటుంది వ్యవహారం, ఎక్కడ పడితే అక్కడ పని జరిగిపోతుంది. (1990 ప్రాంతంలో రాబర్ట్ జేకబ్ అనే పరిశోధకుడు దీనికి గ్రీకుల మైదాస్ రాజు పేరు పెట్టాడు. మన దగ్గర పుట్టి ఉంటే భస్మాసురుడి పేరే పెట్టేవాడు.) అందుకని చూపు ఒకచోట సెకనో, సెకనున్నరో ఆగితేనే నొక్కినట్టు లెక్క. తల నిలవక, నల్లగుడ్డు అదిరే పిల్లాడికి ఆ సెకను పాటు ఆపడమే కొండ.

ఐఐఎస్‌సీ వాళ్ళ పని నాకు నచ్చింది ఇక్కడే. మెల్లకన్ను, గుడ్డు అదరడం ఉన్నవాళ్ళకు తెర నిండా మీటలు పేరిస్తే లాభం లేదని వాళ్ళు గమనించారు. తెరలో ఏ భాగం ఆ కళ్ళకు హాయిగా ఉందో ముందు పరీక్షించి, అక్షరాలను అక్కడికి సర్దారు. వాడేకొద్దీ చూపు ఆపాల్సిన సమయం తగ్గేలా పెట్టారు. పెద్ద వయసు వ్యక్తి ఒకరు ఆరు నెలల సాధనతో నిమిషానికి 15 అక్షరాల దగ్గరకు వచ్చారట. 6.6 చూసి దిగాలుపడ్డవాణ్ణి ఈ అంకె చూసి కాస్త సర్దుకున్నాను.

ఇదే బృందం చెన్నైలో ఇలాంటి పిల్లల కోసం పనిచేసే విద్యాసాగర్ సంస్థ విద్యార్థులతో కలిసి ఇంకోటి చేసింది: ఖరీదైన పరికరం లేకుండా మామూలు వెబ్‌క్యామ్ ముందు కూర్చుని, చూపుతో నడిపే రోబో చేయి. ఒక వస్తువును తీసి ఇంకోచోట పెట్టడం సగటున 15 సెకన్లలోపే. దాన్ని ఏ పనికి వాడదామనుకున్నారో చదివి లేచి కూర్చున్నాను. బట్ట మీద అచ్చు వేయడానికి! బెజవాడకు డెబ్బై కిలోమీటర్ల దరిదాపుల్లో పెడనలో ఇంటింటా జరిగే పని. టేకు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద సరిగ్గా చోటు చూసి దించడం. ఆ పనిలో సగం కంటిదే. పెడన కలంకారీ షెడ్డులో ఒక మూల అలాంటి చేయి ఒకటి నిలబెట్టాలని ఇంతవరకు ఎవరికైనా తోచిందా?

ఎడిటర్ గారు చరిత్ర కూడా అడిగారు కాబట్టి గబగబా: 1879లో పారిస్‌లో ఎమిల్ జవాల్, చదివేటప్పుడు కన్ను జారదు, గెంతుతుందని చెప్పాడు. 1908లో పుస్తకం వేసిన ఎడ్మండ్ హ్యూయీ కంటికే చిన్న తొడుగు తొడిగి, దానికి పుల్ల కట్టి ఆ గెంతులను గీయించాడు (తలచుకుంటేనే కన్ను మండుతుంది). 1967లో ఇంగ్లీషులోకి వచ్చిన రష్యన్ శాస్త్రవేత్త యార్బస్ పుస్తకం, అడిగే ప్రశ్న మారితే బొమ్మ మీద చూపు నడిచే దారీ మారుతుందని చూపించింది. స్వీడన్ కంపెనీ టోబీ 2001లో పుట్టింది. విండోస్‌లో ఐ కంట్రోల్ 2017లో, గూగుల్ 'లుక్ టు స్పీక్' 2020లో, ఐఫోన్‌లో ఐ ట్రాకింగ్ 2024లో వచ్చాయి. మన దేశంలో సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు బడి అనేదాన్ని 1972లో ముంబయిలో మిథూ అలూర్ మొదలుపెట్టారు. విద్యాసాగర్ 1985 నాటిది.

ప్లాస్టిక్ షీటు మీద వర్ణమాల

ఇన్ని యంత్రాల గురించి చదివాక నా మనసు దోచింది మాత్రం జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్‌కి పైన వేసే పారదర్శకమైన షీటు. కళ్ళతో మాట్లాడించడానికి కెమెరా ఉండి తీరాలనేం లేదు. షీటు మూలల్లో బొమ్మలో అక్షరాలో అంటించి, పిల్లవాడికీ మనకూ మధ్య నిలువుగా పట్టుకోవాలి. నడుమ ఖాళీలోంచి మన ముఖం వాడికీ, వాడి ముఖం మనకూ కనిపిస్తుండాలి. వాడు కావలసినదాన్ని చూసి, తిరిగి మన కళ్ళలోకి చూస్తే 'అదే' అని అర్థం. ఇదే కంటి పలక, కరెంటు అక్కర్లేదు.

బొమ్మలు సరే. అక్షరాల సంగతి ఏమిటి? ఇంగ్లీషు పలకల్లో అక్షరాలను గుంపులు చేసి, మొదటి చూపుతో గుంపును, రెండో చూపుతో అందులో ఒకదాన్ని పట్టుకుంటారు. ఆ గుంపులకు వాళ్ళ అక్షరమాలలో ఏ పద్ధతీ లేదు, వరసన విడగొట్టడమే. మనకు ఆ పని పెద్దలు ఎప్పుడో చేసి పెట్టారు. షీటును మూడు వరసలు, మూడు నిలువులుగా గీసి నడిమి గడి ఖాళీ వదిలితే ఎనిమిది గడులు మిగులుతాయి. అచ్చులు ఒకటి. క, చ, ట, త, ప వర్గాలు అయిదు. య ర ల వ ఒకటి. శ ష స హ ళ ఒకటి. ఎనిమిదికి ఎనిమిది సరిపోయాయి! ఱ, క్ష బయట నిలబడ్డాయి, వాటి గురించి ఎవరూ బెంగపెట్టుకోరు. అచ్చుల్లో దీర్ఘాలు వదిలేశాను, గుణింతాలూ ఒత్తులూ అసలే పెట్టలేదు.

గవర్నరుపేటలో పెద్ద సైజు షీటు, మార్కరు కొనుక్కొచ్చి ఆఫీసులోనే పరీక్ష పెట్టాను. పేజీలు పెట్టే మిత్రుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి 'నోరెత్తకు, చెయ్యెత్తకు' అన్నాను. అవునంటే పైకి చూడాలి, కాదంటే కిందకు. మొదట తెలిసిన సంగతేమిటంటే, అటు నుంచి రాసిన అక్షరాలు ఇటు నాకు తిరగబడి కనిపిస్తాయి. వాడి కుడి నాకు ఎడమ. అందుకని చిన్న చీటీల మీద రాసి రెండువైపులా అంటించాల్సి వచ్చింది.

వాడు ట-వర్గం వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ మొదటి గడి వైపు, అంటే ఆ వర్గంలో మొదటి అక్షరం.

"ట?"

పైకి చూశాడు.

"టీయా?"

ఈసారి కనుబొమ్మలతో సహా పైకి.

"తాగి అరగంట కాలేదు కదయ్యా!"

రెండో మాటకు మూడు అక్షరాలు వచ్చాయి: స, ల, వ. గుణింతాలు లేవు కాబట్టి నేనే పూరించుకోవాలి. 'సెలవా?' అన్నాను. కళ్ళు పైకి. ఆదివారం పేజీలు పెట్టేవాడు ఇంకేం అడుగుతాడు. ఈ పద్ధతిలో 'నీళ్ళు'కి న, ళ రెండే అక్షరాలు, నాలుగు చూపులు. కీబోర్డు మీద ఆరు నొక్కులయ్యే మాట ఇక్కడ మనిషి చదవబట్టి పది, పదిహేను సెకన్లలో తేలిపోయింది. చదివేవాడికి సందర్భం తెలుసు, ఎండ తెలుసు, వేళ తెలుసు.

మోసం కూడా అక్కడే ఉంది. సందర్భం తెలిసినవాడు పిల్లాడి మాటను తానే పూర్తిచేసి, అది వాడిదే అనుకోవడం చాలా తేలిక. 1990లలో అమెరికాలో 'ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్' అనే పద్ధతి ఊపేసింది. సహాయకులు పిల్లల చేయి పట్టుకుని టైపు చేయించేవారు, పేజీలకు పేజీలు కవిత్వం వచ్చేది. ప్రశ్న పిల్లలకు మాత్రమే చూపించి, సహాయకుడికి తెలియకుండా ఉంచి పరీక్షిస్తే జవాబులు నిలవలేదు, రాస్తున్నది సహాయకులేనని తేలింది. వాళ్ళు దొంగలు కారు, ఆశపడ్డ మనుషులు. కంటి పలకకూ ఆ జాగ్రత్త కావాలి. తల్లికి జవాబు తెలియని ప్రశ్న అప్పుడప్పుడు అడగాలి: 'పొద్దున మీ టీచరు గారు నీకు ఏ బొమ్మ ఇచ్చారు?' వచ్చిన జవాబు టీచరుతో సరిచూసుకోవాలి. పిల్లాణ్ణి శంకించడానికి కాదు ఇది. వాడి మాట వాడిదేనని రేపు ఇంకెవరైనా శంకిస్తే చూపించడానికి.

యంత్రం మేలు కూడా ఇక్కడే కనిపిస్తుంది. కెమెరాకు ఆశ ఉండదు. చూపు ఎక్కడ పడిందో అక్కడే చూపిస్తుంది, తల్లి మనసు చదవదు. పలక చదివే మనిషి పక్కన లేనప్పుడు పిల్లాడు పక్క గదిలోని వాళ్ళను గొంతెత్తి పిలవాలంటే యంత్రమే దిక్కు. పలకతో మొదలుపెట్టి, చూపు నిలిచాక యంత్రానికి వెళ్ళడం మంచిదనిపిస్తోంది నాకు. స్వీడన్‌లో మరియా బోర్గెస్టిగ్ బృందం పదిమంది పిల్లలను ఏడాదికి పైగా వెంబడించి చూస్తే, చూపుతో గురి కుదరడానికి నెలలు పట్టింది. డెమో రోజున అరగంట చూసి 'మావాడికి రాలేదండీ' అనుకుని వెనక్కి వచ్చే తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే చెప్పాలి.

ముందు కంటి డాక్టరు

బెజవాడ యాంగిల్ అడిగారు కదా, ఇదిగో. బందరు రోడ్డు మీద తాడిగడపలో 2011 నుంచి ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ ప్రాంగణం ఉంది. కంటి పలకైనా లక్షల రూపాయల యంత్రమైనా, మొదటి మెట్టు కంటి ఆసుపత్రే. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో చాలామందికి కన్ను బాగున్నా, చూసినదాన్ని మెదడు పోల్చుకోలేకపోవడం ఉంటుంది. సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. అలాంటి పిల్లలు కదిలే వస్తువును పట్టుకుంటారు, కదలనిది వదిలేస్తారు. ఎరుపో పసుపో అయితే చూస్తారు, గళ్ళ దుప్పటి మీద అదే బొమ్మ పెడితే చూడరు. కొందరు వస్తువును అందుకోబోతూ తల పక్కకు తిప్పేస్తారు. ఇంట్లోవాళ్ళు అది ఇష్టం లేకపోవడం అనుకుంటారు. ఈ పిల్లలకు నల్లటి గుడ్డ మీద ఒక్కటే పెద్ద బొమ్మ, తర్వాత రెండు, అలా పెంచాలి. ఎనిమిది గడుల నా షీటు వీళ్ళ ముందు పెడితే గోడ చూసినట్టే ఉంటుంది.

తాడిగడప కంకిపాడు వాళ్ళకు దగ్గర. ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి ఎదురుమొండి నుంచి నది దాటి రావాల్సిన అమ్మకు, మెడ నిలవని పదేళ్ళ పిల్లాణ్ణి భుజానేసుకుని బస్సులు మారడమంటే రోజు కూలి, నడుం నొప్పి, రెండూ. సమగ్ర శిక్ష పథకం కింద మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. బడికి రాలేని పిల్లల ఇళ్ళకు ప్రత్యేక ఉపాధ్యాయులు వెళ్ళి చదువు చెప్పే ఏర్పాటూ ఉంది. కంటి పలక పట్టుకోవడం నేర్పాల్సింది ముందు వీళ్ళకే. నేర్పడానికి ఒక పూట చాలు, ఓపికకు ఎంత పడుతుందో చెప్పలేను.

బాక్సు: అష్టాచెమ్మా చాలు

కంటి యంత్రాల వెంట వచ్చే ఆటలు బుడగలు పేల్చడంతో మొదలవుతాయి. చూస్తే పేలుతుంది, చూడకపోతే పేలదు. బ్రిటన్ కంపెనీ స్మార్ట్‌బాక్స్ చేసిన 'లుక్ టు లెర్న్'లో ఇలాంటివి 40 ఉన్నాయి. 'నేను చూస్తే ఏదో జరిగింది' అన్న సంగతి పిల్లాడికి తట్టడమే తొలి పాఠం. ఖర్చు లేని ఆట కావాలంటే అష్టాచెమ్మా ఉంది. గవ్వలు అక్క వేస్తుంది, నాలుగు కాయల్లో ఏది నడపాలో తమ్ముడు చూపుతో చెబుతాడు. పరమపద సోపానం ఇందుకు పనికిరాదు, అందులో పందెం పడ్డాక ఎంచుకునేదేమీ ఉండదు, పాము మింగితే దిగడమే. ఇంకా చిన్న పిల్లలకైతే కొండపల్లి ఏనుగు అంబారీ ఒక చేతిలో, ఎడ్లబండి ఒక చేతిలో పట్టుకుని 'ఏది?' అనండి. తెల్ల పొణికి చెక్క కాబట్టి ఎంతసేపు పట్టుకున్నా చేయి నొప్పెట్టదు. ఎంతసేపు పట్టుకోవాలన్నదే అసలు ప్రశ్న. పది అంకెలు లెక్కపెట్టేదాకా అడిగినదే మళ్ళీ అడగకండి.

బాక్సు: డబ్బు, ఇతరత్రా

మంచి కంటి యంత్రం, మాట్లాడే తెరతో కలిపి, లక్షల్లో మాట. సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తలకు ఏడాదికి 3,500 రూపాయల లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పూర్తి వైకల్యం ఉన్నవారికి నెలకు 15,000 పింఛను, మిగతా దివ్యాంగులకు 6,000. గూగుల్ 'లుక్ టు స్పీక్' ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితం. వాక్యాలు రెండు నిలువు వరసల్లో కనిపిస్తాయి, ఎడమకో కుడికో చూస్తే జాబితా సగం సగం తగ్గుతూ ఒక్క వాక్యం మిగులుతుంది. ఏ వాక్యాలుండాలో మనమే రాసుకోవచ్చు. ఐఫోన్ సదుపాయానికి 12 లేదా ఆ తర్వాతి మోడల్ కావాలి. అన్నట్టు, స్టీఫెన్ హాకింగ్ కళ్ళతో టైపు చేసేవారని చాలామంది అనుకుంటారు. ఆయన వాడింది చెంప కండరం. ఎవరికి ఏది కదిలితే అదే మీట, పిల్లాడి మోకాలో గడ్డమో చక్కగా పలుకుతుంటే కళ్ళను అలవగొట్టడం దేనికి?

ఫైనలియర్ ప్రాజెక్టు

విజయవాడ చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో 'ఐబాల్ కర్సర్' ప్రాజెక్టు పాత చుట్టమే. ఓపెన్‌సీవీ, పైథాన్, ల్యాప్‌టాప్ కెమెరా. కన్ను తిప్పితే బాణం గుర్తు కదులుతుంది, రెప్ప కొడితే క్లిక్. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు మెచ్చుకుంటారు, మర్నాటికి కోడు అటకెక్కుతుంది. దాన్ని పిల్లలకు పనికొచ్చేలా చేయాలంటే మార్చాల్సినవి కొన్నే. రెప్పపాటు క్లిక్ తీసేయాలి, ఒళ్ళు బిగిసే పిల్లలకు రెప్ప స్వాధీనంలో ఉండదు. చూపు ఆగితే నొక్కినట్టు పెట్టి, ఎంతసేపు ఆగాలో టీచరు మార్చుకునేలా ఉంచాలి. తెరను నాలుగు పెద్ద గడులు చేసి, చూపు దేనికి దగ్గరగా ఉంటే దాన్నే తీసుకోవాలి, వెబ్‌క్యామ్‌కు అంతకు మించిన గురి అడగకూడదు. గడి పలికే మాట తెలుగులో ఉండాలి, పిల్లాడి వయసు గొంతైతే ఇంకా మంచిది, వాడి ఈడు పిల్లలతో రికార్డు చేయించవచ్చు. పదాలు ఊహించే పట్టిక తెలుగుకు చేస్తే, గుణింతాలు లేకుండా 'సలవ' కొట్టినా 'సెలవు' వచ్చేలా చేస్తే, అది నిజంగా కొత్త పని. ఇంగ్లీషు కీబోర్డును తెచ్చి తెలుగు స్టిక్కర్లు అంటించినట్టు చేయకూడదు.

ఒక్కటే చిక్కు. ప్రాజెక్టులు తేలేది ఏప్రిల్‌లో, బడులకు వేసవి సెలవులు ఇచ్చేదీ అప్పుడే. పిల్లలతో కూర్చుని సరిచేసుకోవాలంటే దగ్గర్లోని భవిత కేంద్రానికి డిసెంబరులోనే వెళ్ళి అడగాలి. మధ్యలో సంక్రాంతి సెలవులు పోతాయని కూడా లెక్కేసుకోవాలి.